సముద్రం ఎందుకు లేచింది?

(దివిసీమ ఉప్పెనపై ఒక పరిశీలన)

ఈ సంచికకు ఏదైనా ఒక సైన్సు వ్యాసం వ్రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నక్షత్రాల గురించో అణుశక్తి గురించో వ్రాద్దామని మొదట అనుకున్నాను. కాని వాటి మీద ప్రతి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు గదా! దానికి బదులు నా నెత్తిన ఉన్న ఒక బాకీ ఈ పేజీల్లో తీర్చుకుందామనిపించింది.

ఆ బాకీ మా తాతయ్యది. మాది కృష్ణా జిల్లా దివిసీమలో, నాగాయలంక దిక్కున ఒక చిన్న పల్లె. నాలుగెకరాల మాగాణి, రెండు గేదెలు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. నాకు బి.యస్సీ.లో సీటు వచ్చిన రోజున తాతయ్య నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గాలివాన నాకు తెలుసురా అబ్బాయ్. చిన్నప్పట్నుంచీ చూస్తన్నా. చెట్లు పడతయ్యి, పాకలు లేస్తయ్యి, చేలు మునుగుతయ్యి. కాని ఆ రోజు సముద్రం ఎందుకు లేచిందో ఇంతవరకూ నాకెవరూ చెప్పలా. సైన్సు చదువుతానంటున్నావుగా, కనుక్కొని చెప్పు."

ఆ రోజంటే 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి తాతయ్యకు ఇరవై రెండేళ్ళు, ఆయన చెల్లెలికి పద్నాలుగు. ఆ రాత్రి తర్వాత ఆమె మళ్ళీ కనిపించలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు తాతయ్య ప్రశ్నకు సమాధానం వెతుకుదాం. నేను చదివిన ఫిజిక్సు, మా మాస్టార్లను విసిగించి తెలుసుకున్న విషయాలు, లైబ్రరీలో తిరగేసిన పుస్తకాలు — ఇవే ఈ వ్యాసానికి పెట్టుబడి.

తుఫాను ఎట్లా పుడుతుంది?

వేసవిలో మా మామ్మ మంచినీళ్ళు మట్టికుండలో పోసి, తడిగుడ్డ చుడుతుంది. నీళ్ళు చల్లబడతాయి. కుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది గనుక. ఒక గ్రాము నీరు మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాగి ఉంటుంది. అందుకే దాన్ని గుప్తోష్ణం అంటారు. ఆ ఆవిరి మళ్ళీ నీటిబొట్టుగా మారినప్పుడు అంత వేడినీ తిరిగి ఇచ్చేస్తుంది.

తుఫాను కథంతా ఈ ఇచ్చి పుచ్చుకోవటమే. సముద్రం పైనీరు 26, 27 డిగ్రీలకు మించి వెచ్చబడి, ఆ వెచ్చదనం పైపైన గాక యాభై మీటర్ల లోతుదాకా ఉన్నప్పుడు ఆవిరి దండిగా లేస్తుంది. పైకి పోయి చల్లబడి మబ్బు అవుతుంది. అవుతూ వేడిని వదులుతుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న గాలి తేలికై ఇంకా పైకి పోతుంది. క్రింద ఒత్తిడి తగ్గుతుంది. తగ్గిన చోటికి నాలుగు దిక్కుల నుంచి తేమగాలి పరుగెత్తుకొస్తుంది. అదీ పైకి లేస్తుంది. పొయ్యి తన కట్టెలు తానే తెచ్చుకున్నట్టన్నమాట.

ఈ పొయ్యి ఎంత పెద్దదో మా పొలం లెక్కలో చెబుతాను. ఒక ఎకరంలో ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే అది సుమారు నలభై వేల లీటర్ల నీరు. ఆ నీరు పైన మబ్బుగా మారేటప్పుడు వదిలిన వేడి సుమారు 27 వేల యూనిట్ల కరెంటుకు సమానం. ఐదు హార్సుపవరు మోటారును రాత్రనకా పగలనకా పది నెలలు నడపవచ్చు. ఒక ఎకరం, ఒక సెంటీమీటరు వానకే ఇంత! తుఫాను వందల కిలోమీటర్ల మేర పదులకొద్దీ సెంటీమీటర్ల వాన కురిపిస్తుంది.

మరి గాలి సుడి తిరగటం ఎందుకు? భూమి తిరుగుతున్నది గనుక. ఉత్తరార్ధగోళంలో పరుగెత్తే గాలి తన దారికి కుడివైపు ఒరుగుతుంది. నాలుగు దిక్కుల నుంచి కేంద్రానికి వచ్చే గాలులన్నీ అట్లా ఒరిగేసరికి, మొత్తం సుడి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ ఒరుగుడు దాదాపు ఉండదు. అందుకే ఆ రేఖకు అటూ ఇటూ ఐదు డిగ్రీల లోపు తుఫానులు పుట్టటం బహు అరుదు.

మన వాతావరణశాఖ దీనికి మెట్లు పెట్టింది. మొదట అల్పపీడనం, తర్వాత వాయుగుండం, తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కి.మీ. చేరితే తుఫాను. 118 చేరితే అతి తీవ్ర తుఫాను. 220 దాటితే సూపర్ సైక్లోన్. అట్లాంటిక్‌లో హరికేన్ అన్నా, చైనా, జపాను వైపు టైఫూన్ అన్నా ఈ జాతిదే, పేర్లే వేరు. సైక్లోన్ అన్న మాటను పుట్టించినవాడు కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషువాడు. 1848లో నావికుల కోసం వ్రాసిన పుస్తకంలో, పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దాన్ని తయారు చేశాడు. ఈయనతో మనకు ఇంకా పని ఉంది, గుర్తుంచుకోండి.

కోతల కాలంలోనే ఎందుకు?

మచిలీపట్నం ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. కోరంగిని ముంచింది 1839 నవంబరులో. దివిసీమది 1977 నవంబరు. కోనసీమది 1996 నవంబరు 6. ఈ వరస చూసి మా ఊళ్ళో పెద్దలు "కార్తీకంలో సముద్రానికి పూనకం" అంటారు. రైతుకు ఇది మరీ అన్యాయం. సార్వా పంట చేతికొచ్చే రోజులవి. కొంత కోసి పనల మీద ఉంటుంది, కొంత చేలోనే ఉంటుంది.

దీనికి కారణం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద క్రింద పడమటి గాలి, పైన ఎత్తులో బలమైన తూర్పు గాలి వీస్తాయి. నిటారుగా లేవవలసిన మేఘాల స్తంభాన్ని ఒకటి అటు, ఒకటి ఇటు లాగి విరగ్గొడతాయి. అందుకే ఆ నెలల్లో వాయుగుండాలు చాలా వచ్చినా పెద్ద తుఫానుగా ముదిరేవి తక్కువ. నైరుతి వెళ్ళిపోయాక, అక్టోబరు, నవంబరుల్లో ఆ లాగుడు తగ్గుతుంది. సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. నైరుతికి ముందు మే నెలలోనూ ఇంతే.

1977 తుఫాను నడిచిన దారి

ఆ ఏడు దీపావళి అమావాస్య నవంబరు 11న వెళ్ళింది. మరునాడే ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి వందలమందిని పొట్టన పెట్టుకుంది. అది వెళ్ళిన రెండు రోజులకు, నవంబరు 14న, ఆగ్నేయ బంగాళాఖాతంలో మరో వాయుగుండం పుట్టింది. మనది ఇదే. అప్పట్లో తుఫానులకు పేర్లు లేవు. మన ప్రాంతంలో పేర్లు పెట్టటం 2004 నుంచి వచ్చింది. అందుకే దీన్ని జనం "దివిసీమ ఉప్పెన" అనే పిలుచుకున్నారు. 

తుఫాను తనంతట తాను నడిచేది తక్కువ. కాలువలో పడ్డ అరటిబోదెను నీరు మోసుకుపోయినట్టు, పైన వీచే గాలుల ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది. ఈ వాయుగుండం ముదిరి తుఫానై మొదట పడమరగా నడిచింది. అట్లాగే పోయి ఉంటే మళ్ళీ తమిళ తీరమే తగిలేది. కాని 17వ తేదీ ప్రాంతంలో దాన్ని మోసే గాలుల వాలు మారి ఉత్తరం వైపుకు, అంటే ఆంధ్ర తీరానికి, మళ్ళింది. అంతసేపూ వెచ్చని నీటి మీదనే ఉన్నందున బలం పెరుగుతూనే పోయింది. కేంద్రంలో ఒత్తిడి 943 మిల్లీబార్ల దాకా పడిపోయిందని అంచనా. గాలి వేగం గంటకు సుమారు 200 కి.మీ. 19వ తేదీ సాయంత్రం చీరాల ప్రాంతంలో తీరం దాటింది.

ఇక్కడ ఆగి పటం చూడండి. తుఫాను కేంద్రం దాటింది చీరాల దగ్గర. చావులు ఎక్కువగా జరిగింది దివిసీమలో. కృష్ణ రెండు పాయలుగా చీలి, మధ్యలో పట్టి ఉంచిన లంక లాంటి నేల మాది. చీరాలకు తూర్పున ఎంతో దూరం. మరి దెబ్బ మాకెందుకు తగిలింది? తాతయ్య ప్రశ్నకు సమాధానం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

సముద్రం ఎందుకు లేచింది?

సుడి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుందని చెప్పుకున్నాం. ఆ సుడి ఉత్తరంగా వస్తున్నప్పుడు, దానికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున నేల నుంచి సముద్రంలోకి. కుడివైపున తుఫాను నడక వేగం కూడా గాలి వేగానికి కలుస్తుంది. కేంద్రం చీరాలలో ఉంటే కుడివైపున ఉన్నది దివిసీమ. అంటే ఆ సాయంత్రం బంగాళాఖాతాన్ని తోసే చెయ్యి నేరుగా మా మీదికే తోసింది.

ఇక లెక్కకు వద్దాం. నీరు లేవటానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది ఒత్తిడి తగ్గటం. మామూలు ఒత్తిడి సుమారు 1010 మిల్లీబార్లు. కేంద్రంలో 943. తేడా 67. ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబుకుతుంది. కనుక ఇది 67 సెంటీమీటర్లు. మోకాలు దాటిన లోతు. భయమే గాని ఊళ్ళను ఊడ్చుకుపోయేది కాదు.

రెండవది గాలి తోపు. అసలు దోషి ఇదే. గంటకు 180 కి.మీ. గాలి అంటే సెకనుకు 50 మీటర్లు. అంతటి గాలి సముద్రం మీద ప్రతి చదరపు మీటరునూ సుమారు 7 న్యూటన్ల బలంతో తోస్తుంది. లోతు సముద్రంలో ఈ తోపుకు పెద్దగా ఏమీ కాదు. పైన ముందుకు పోయిన నీరు అడుగు నుంచి వెనక్కి వచ్చేస్తుంది. కాని తీరం దగ్గర లోతు లేని చోట వెనక్కి రావటానికి అడుగున దారి ఉండదు. నీరు ఒడ్డు వైపుకు వాలుగా పేరుకుంటుంది. ఆ వాలు ఎంతో తెలియాలంటే, తోపును నీటి సాంద్రత, గురుత్వ త్వరణం, లోతు — ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి.

లెక్క కోసం లోతు పది మీటర్లు అనుకుందాం. 7ను 1000 × 9.8 × 10తో భాగిస్తే వచ్చేది 0.00007. అంటే కిలోమీటరుకు 7 సెంటీమీటర్లు. వినటానికి ఇంతేనా అనిపిస్తుంది. కాని ఆ గాలి యాభై కిలోమీటర్ల మేర అట్లాగే తోస్తే మూడున్నర మీటర్లు! అదే లోతు వంద మీటర్లయితే 35 సెంటీమీటర్లే. లోతు తగ్గినకొద్దీ ఉప్పెన పెరుగుతుందన్నమాట.

ఒత్తిడి వల్ల లేచిన 67 సెంటీమీటర్లు దీనికి కలపండి. నాలుగు మీటర్లు దాటింది. దాని మీద అలలు వేరే. మా పడమర నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి ఉంటుంది గనుక ప్రక్కకు జారిపోవలసిన నీరు అక్కడ ఇరుక్కుంటుంది. కృష్ణ పాయలు వరద నీటిని సముద్రంలోకి పంపటానికి బదులు సముద్రాన్నే లోపలికి తెచ్చాయి. నాది మోటు లెక్క. కాని 1977లో ఉప్పెన ఎత్తు సుమారు ఐదు మీటర్లని చెబుతారు. మోటు లెక్కే అంత దగ్గరకు వచ్చేసరికి, ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. దీపావళి అమావాస్య 11న వెళ్ళింది గదా, 19 నాటికి అష్టమి దాటింది. సగం చంద్రుడున్న రోజుల్లో సముద్రపు పోటు తక్కువగా ఉంటుంది. అదే అమావాస్యకో పున్నమికో వచ్చి, పోటు సమయం కూడా కలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించలేం.

ఆ సాయంత్రం

ఇప్పుడు తాతయ్య చెప్పిన సంగతి వ్రాస్తాను. ఆయన దీన్ని ఎప్పుడూ ఒక్కసారిగా చెప్పడు. తలా కొంచెం విన్నది కలిపి వ్రాస్తున్నాను.

ఊరి మొత్తానికి రెండు రేడియోలు. పెనుగాలులు వీస్తాయి, భారీ వర్షాలు కురుస్తాయి అని విన్నారు. నమ్మలేదనటానికి లేదు, నమ్మారు. గాలికి ఏం చెయ్యాలో మావాళ్ళకు తరతరాలుగా తెలుసు. పాకల మీద తాళ్ళు వేసి గుంజలకు బిగించారు. గొడ్లు బెదిరి పారిపోకుండా రెండేసి పలుపులతో కట్టేశారు. పిల్లల్నీ ఆడవాళ్ళనీ లోపల పెట్టి తలుపులు బిగించారు. మా పాక గాలికి ఆగదని, తాతయ్య తన చెల్లెల్ని నాలుగిళ్ళ అవతల ఉన్న మట్టిగోడల పెంకుటింట్లో దిగబెట్టి వచ్చాడు. "నేనే చెయ్యి పట్టుకు తీసికెళ్ళా" అని ఈనాటికీ అంటాడు.

తర్వాత కోసిన పనలు ఎగిరిపోకుండా చూద్దామని చేలోకి పోయాడు. దక్షిణం వైపు నల్లగా గోడలాంటిది కనబడితే మబ్బనుకున్నాడు. అది వచ్చి మీద పడ్డాక ఉప్పగా తగిలిందట నోటికి. కొట్టుకుపోతూ ఒక తుమ్మచెట్టుకు తగులుకున్నాడు. ముళ్ళన్నీ ఒంట్లో దిగినా వదల్లేదు. తెల్లవారేదాకా ఆ చెట్టు మీదే.

గాలికి ఆగే పెంకుటిల్లు నీటికి ఆగలేదు. మట్టిగోడ క్రింది నుంచి నానింది, పెంకులూ దూలాలూ మీద పడ్డాయి. కట్టేసిన గొడ్లు కట్టు గొయ్యల దగ్గరే చచ్చి ఉన్నాయి. గాలికి చేసుకున్న ప్రతి జాగ్రత్తా నీటి దగ్గర ఎదురు తిరిగింది. తాతయ్య బాధ అదే. "నీళ్ళొస్తయ్యని ఒక్కరు చెప్తే ఆ పిల్లని కరకట్ట మీదికి తోలుకెళ్ళేవాణ్ణి గదరా!"

సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు తర్వాత దేశమంతా విన్నది. నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చింది. చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే పదివేలకు పైన. పశువులు లక్షల్లో. తీగలు తెగి, రోడ్లు కొట్టుకుపోయి, ఏం జరిగిందో బయటివారికి వెంటనే తెలియలేదు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో పదవ నంబరు దాకా మనం పేపర్లలో చూస్తుంటాం. పదకొండో నంబరు కూడా ఒకటుంది. దానర్థం, హెచ్చరిక కేంద్రంతో వార్తా సంబంధాలు తెగిపోయాయని. ఆ రాత్రి మా ఊరి మీద కనబడని పదకొండో నంబరు ఎగురుతున్నదని నాకనిపిస్తుంది.

తర్వాత సాయానికి ఎక్కడెక్కడి వారో వచ్చారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు వీధుల్లో జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. కాలేజీ కుర్రాళ్ళు బురదలో దిగి శవాలు తీశారు. తాతయ్యకు వారి పేర్లు తెలియవు. "నీ ఈడు పిల్లలే" అని మాత్రం నాతో అంటుంటాడు.

ఉప్పు దిగిన నేల

నీరు తీసినా బాధ తీరలేదు. రైతు బిడ్డను గనుక ఇది కూడా చెప్పాలి. సముద్రపు నీటిలోని సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుంటుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకోక విడిపోయి, తడిస్తే జావ, ఎండితే రాయి అవుతాయి. నీరు లోపలికి ఇంకదు, వేరు దిగదు. "నారు వేస్తే అంచులు మాడి ఎర్రబడేది" అని మామ్మ చెబుతుంది.

మందు కెమిస్ట్రీలో ఉంది. కాల్షియంకు రెండు ఆవేశాలు, సోడియంకు ఒకటే. జిప్సం వేస్తే దానిలోని కాల్షియం, మట్టిని పట్టుకున్న సోడియంను నెట్టి ఆ స్థానంలో కూర్చుంటుంది. ఊడిన సోడియంను మంచినీరు పెట్టి కడిగి మురుగు కాలువలోకి పంపాలి. కాబట్టి జిప్సం ఒక్కటే చాలదు, కాలువలో తీపినీరు రావాలి, మురుగు పోయే దారి ఉండాలి. మా చేలు మళ్ళీ మునుపటిలా పండటానికి కొన్నేళ్ళు పట్టింది. మురుగు కాలువ పూడిక తీయటం గురించి మా నాన్న ప్రతి మీటింగులో ఎందుకు గొడవ పడతాడో నాకు ఈ పాఠం చదివాకే అర్థమయింది.

ఎవరికీ తెలియదా?

పోయిన సంక్రాంతి సెలవల్లో ఇంటికి వెళ్ళి, కాగితం మీద బొమ్మ గీసి, ఈ లెక్కంతా తాతయ్యకు చెప్పాను. కుడి, ఎడమ, లోతు, తోపు. ఓపిగ్గా విన్నాడు. చివరకు అడిగాడు: "అయితే ఈ సంగతి అప్పటికి ఎవరికీ తెలీదా?"

ఆ మాటకు సమాధానం చెప్పటం లెక్క చెప్పినంత తేలిక కాలేదు. ఎందుకంటే తెలుసు. 1864లో మచిలీపట్నంలో ఇదే ఉప్పెన సుమారు ముప్పై వేలమందిని తీసుకుపోయింది. పిడింగ్టన్‌ను గుర్తుంచుకోమన్నాను గదా. బెంగాలులో మాతలా నది మీద కానింగ్ రేవు కట్టబోతున్నప్పుడు, అక్కడ తుఫానుకు సముద్రం లేచి రేవును ముంచుతుందని 1853లోనే ఆయన గవర్నర్ జనరల్‌కు వ్రాశాడు. ఎవరూ వినలేదు. రేవు కట్టారు. 1867 తుఫానులో అది పాడయింది. 1977కు ఏడేళ్ళ ముందే, 1970 నవంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో ఇటువంటి ఉప్పెనే మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది.

అంటే శాస్త్రానికి తెలుసు. మా ఊరికే తెలియదు. పుస్తకంలో ఉన్న జ్ఞానం పెంకుటింటి గడప దాకా రాలేదు. "పెనుగాలి" అన్న మాట వచ్చింది గాని, "నీరు వస్తుంది, ఎత్తుకు పోండి, గొడ్లను విప్పేయండి" అన్న మాట రాలేదు. 

అది వస్తే ఏమవుతుందో కూడా తర్వాత చూశాం. 1990 మే 9న ఇంచుమించు ఇదే తీరాన్ని, బలంలో 1977 దానికి తీసిపోని తుఫాను కొట్టింది. ఈ మధ్యలో ఉపగ్రహ చిత్రాలు మెరుగుపడ్డాయి, తీరంలో తుఫాను రక్షణ భవనాలు లేచాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చావులు వెయ్యి లోపు. 2013లో ఒడిశా తీరానికి ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలాది మందిని తరలించారు, చావులు పదుల్లోనే ఆగాయి. అదే ఒడిశాలో 1999 తుఫానుకు పోయినవారు పదివేల దాకా ఉన్నారు. ఆ 1999 తుఫానులో కేంద్రపాడా జిల్లాలో, ముందు మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్ళలో చావులు తక్కువని తర్వాతి పరిశోధనలో తేలింది. మా తీరంలో మడ చెట్లు కొట్టి చెరువులు తవ్వేవారు ఈ మాట వినాలి.

నా కళ్ళతో చూసింది 2023 డిసెంబరు 5న వచ్చిన మిచాంగ్. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. అది తీరం దాటింది బాపట్ల దగ్గర. 1977 నాటి చోటుకు దగ్గరే. మేము మళ్ళీ కుడివైపే. కాని గాలి వేగం గంటకు వంద కిలోమీటర్ల లోపు. గాలి సగమైతే తోపు నాలుగో వంతు అవుతుంది గనుక ఉప్పెన బాధ లేదు. రెండు రోజుల ముందు నుంచే ఫోన్లలో హెచ్చరికలు, ఆటోలో మైకు. తాతయ్య అందరికంటే ముందు చేసిన పని, కొట్టంలోకి వెళ్ళి గేదెల పలుపులు విప్పటం. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది. ప్రాణాలన్నీ దక్కాయి. పనల మీద ఉన్న వడ్లు మాత్రం మొలకెత్తాయి. తుఫాను దారిని రోజుల ముందు చెప్పగలుగుతున్న మనం, ఆ రోజుల్లో కోసిన పంటను గట్టెక్కించే ఏర్పాటు ఇంకా సరిగా చేసుకోలేదు. 

మనం చేయవలసింది

మిత్రులారా, ఈ వ్యాసం చదివేవారిలో తీరపు పల్లెల నుంచి వచ్చినవారు చాలామందే ఉంటారు. సెలవలకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక గంట కేటాయించి నాలుగు మాటలు మీ ఊళ్ళో చెప్పండి. తుఫాను దాటే చోటుకు కుడివైపున ఉన్నామా, ఎడమవైపున ఉన్నామా అని చూసుకోవాలి. గాలికి దాక్కునే చోటు వేరు, నీటికి దాక్కునే చోటు వేరు. గొడ్లను కట్టేయకూడదు, విప్పి వదలాలి. గాలి ఉన్నట్టుండి ఆగి ఆకాశం తేటపడితే అది తుఫాను కన్ను, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ లేస్తుంది, బయటికి రాకూడదు. ఇంతే. దీనికి డిగ్రీ అక్కర్లేదు. కాని డిగ్రీ చదువుతున్నవాళ్ళం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

తాతయ్యకు నేను చెప్పిన సమాధానం ఇది: "తెలుసు తాతయ్యా. తెలిసినవాళ్ళు మన ఊరికి రాలేదు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గీసిన బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అయితే నేను ఆ పిల్లని తీసికెళ్ళింది తప్పు కాదంటావు" అన్నాడు.

"గాలి అని చెబితే ఎవరైనా అక్కడికే తీసికెళ్ళేవారు తాతయ్యా" అన్నాను.

మరునాడు పొద్దున్నే అరుగు మీద నలుగుర్ని కూర్చోబెట్టుకుని, నా బొమ్మ చూపిస్తూ కుడివైపు, ఎడమవైపు అని పాఠం చెబుతున్నాడు. లోతు సంగతి దగ్గర కొంచెం తడబడ్డాడు. నేను పోయి సరిచేశాను.

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం (ఎం.పి.సి.)